ఆటలకూ ఒక తర్జుమా
2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ఆగిపోయింది. మా పాత కంప్యూటర్ కొత్త విండోస్‌కు పనికిరాదట. "అబ్బా, మరి నా గేములు?" అన్నాడు బేటా.

జవాబు వెనక పెద్ద తారీఖే ఉంది. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లైనక్స్ మొదలుపెట్టాడు. మరుసటి ఏడే ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చని ఇజాజత్ ఇచ్చేశాడు. గేములు మాత్రం విండోస్ జబాన్‌లోనే పుట్టేవి. 1993లో 'వైన్' వచ్చింది. పేరు విని తౌబా అనకండి! విండోస్ మాటను లైనక్స్‌కు తర్జుమా చేసే సాఫ్ట్‌వేర్ అది. 2015లో వాల్వ్ కంపెనీ లైనక్స్‌తో తెచ్చిన స్టీమ్ మెషీన్లు నాకామ్ అయ్యాయి. అయినా సబర్ వదల్లేదు. 2018లో వైన్ బునియాద్ మీదే 'ప్రోటాన్' కట్టింది. 2022లో వచ్చిన స్టీమ్ డెక్‌లో విండోస్ గేములు ఆడేది దాని మెహర్బానీతోనే.

మోసగాళ్లను పట్టే పహారా ఉన్న కొన్ని ఆన్‌లైన్ గేములు ఇప్పటికీ లైనక్స్‌కు దర్వాజా తెరవవు. బేటాకు ఆ సంగతి ముందే చెప్పాను.

ఉర్దూ బడిలో చదివి తెలుగులో రాసి బతుకుతున్నవాణ్ణి. తర్జుమా ఖీమత్ నాకు తెలుసు. మా పాత పెట్టె కబాడీకి పోలేదు.