ఇంటి గుట్టు



"ఇంటి గుట్టు లంకకు చేటు" అన్న సామెత మనకందరికీ తెలిసిందే. ఆడపిల్లను అత్తవారింటికి పంపేటప్పుడు అమ్మలు చెప్పే మొదటి నీతి అదే. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ గుట్టు గురించే. కోర్టులవాళ్ళూ పత్రికలవాళ్ళూ దాన్ని "వ్యక్తిగత గోప్యత" అంటున్నారు. మాట పెద్దదే గానీ విషయం మాత్రం మన నట్టింటిది. నేను పదో తరగతితో చదువు ఆపిన దాన్ని, లాయర్ని కాను. చదివి తెలుసుకున్న నాలుగు ముక్కలూ, నా చేతులమీదుగా జరిగిన ఒక పొరపాటూ మీ ముందు పెడతాను. వినండి.

మాది శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి. నౌపడ ఉప్పుమళ్ళూ, భావనపాడు సముద్రమూ మా మండలంలోవే. ఇంకాస్త ముందుకు పోతే కొబ్బరి తోటలూ జీడితోటలూ నిండిన ఉద్దానం. మా వైపు వాళ్ళు పొట్ట చేతబట్టుకుని దూరదేశాలు పోవడం తరతరాలుగా వున్నదే. మా మేనత్తను ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగం చేసే ఆయనకిచ్చారు. ఆమె దగ్గర్నుంచి నెలకో కార్డు వచ్చేది. మా మామ్మకు చదువు రాదు. పోస్టుమాను పాపం మంచివాడు, అరుగుమీద కూర్చుని గొంతెత్తి చదివి వినిపించేవాడు.

ఒకసారి మా అత్త ఆ కార్డులో "ఇక్కడ అన్నం దగ్గర కూడా లెక్కలు చూస్తున్నారమ్మా" అని రాసింది. పోస్టుమాను అలవాటు ప్రకారం అది కూడా గొంతెత్తి చదివేశాడు. సాయంత్రానికి నూతి దగ్గర నలుగురూ మామ్మను చుట్టుకున్నారు. "ఏటమ్మా, మీ గుంటకి అక్కడ తిండి ఎట్టడం నేదటగదా?" అని. మామ్మ మాట్లాడకుండా బిందె ఎత్తుకుని వచ్చేసింది.

ఆ రోజు నుంచి మామ్మ పోస్టుమాను చేత ఉత్తరం చదివించుకోలేదు. కార్డు తీసుకుని కొంగున ముడేసుకునేది. నేను బడినుంచి వచ్చాక పెరట్లోకి పిలిచి, మునగచెట్టు కింద కూర్చోబెట్టి, మెల్లగా చదవమనేది. అప్పుడు నేను నాలుగో తరగతి. "సదివింది నీ నోట్లోనే వుండాల గుంటా. మీ యమ్మకి కూడా సెప్పకు" అని ఒట్టు వేయించుకుంది. నేను ఆ ఒట్టు తప్పలేదు. మామ్మ పోయేదాకా ఆ ఉత్తరాల్లో ఏముందో మా అమ్మకు కూడా తెలియదు.

ఇప్పుడు ఆలోచిస్తే నాకు అనిపిస్తుంది, గుట్టు అన్నది ఎవరికీ ఊరికే రాలేదని. చదువు రానివాళ్ళకు గుట్టు లేదు. డబ్బు లేనివాళ్ళకూ లేదు. మన దేశంలో పోస్టుకార్డు 1879 జూలై 1న మొదలైంది. వెల కాణీ, అంటే పావు అణా. బీదాబిక్కీ అందరికీ అందుబాటులోకి వచ్చింది, నిజమే. కానీ అది తెరిచిన ఉత్తరం. కవరులో పెట్టి అంటించాలంటే ఎక్కువ డబ్బు కావాలి. మా అత్త చేతిలో ఆ పైసలే వుంటే నూతి దగ్గర మామ్మకు ఆ అవమానం జరిగేది కాదు.

కవరు అంటించినా సర్కారు వారికి దాన్ని తెరిచే దారి వుండేది. తెల్లవాళ్ళు 1885లో టెలిగ్రాఫ్ చట్టం, 1898లో పోస్టాఫీసు చట్టం చేశారు. ప్రజల భద్రతకు అవసరమైతే తంతినీ ఉత్తరాన్నీ ఆపి చూడవచ్చని వాటిలో రాసుకున్నారు. తంతి సేవ 2013 జూలైలో ఆగిపోయింది. పోస్టాఫీసుకు 2023లో కొత్త చట్టం వచ్చింది. ఆపి చూసే అధికారం మాత్రం అందులోనూ వుంది.

మన ఆడవాళ్ళు ఈ గుట్టు కోసం ఎంత దూరం వెళ్ళారో ఒక ముచ్చట చెబుతాను. 1951-52లో మొదటి సాధారణ ఎన్నికలకు ఓటర్ల జాబితాలు రాసేటప్పుడు చాలామంది స్త్రీలు తమ పేరు చెప్పలేదు. "ఫలానావారి భార్యను", "ఫలానావారి తల్లిని" అన్నారంతే. పరాయి మగవాడికి పేరు చెప్పడమేమిటని వాళ్ళ ఉద్దేశం. అలా పేరు చెప్పని దాదాపు 28 లక్షలమందిని జాబితాలోంచి తీసివేశారు. వాళ్ళలో ఎక్కువమంది ఉత్తరాది వారు. పేరు దాచుకుంటే ఓటు పోయింది. చూశారా, గుట్టు అతిగా దాచినా నష్టమే! అందుకే నేను అన్నీ దాచుకోమని చెప్పడంలేదు. ఏది చెప్పాలో, ఎవరికి చెప్పాలో నిర్ణయం మన చేతిలో వుండాలి అంటున్నాను.

ఆ మాటనే న్యాయస్థానాల్లో మొదట గట్టిగా అన్నవారిలో మన తెలుగువారు వున్నారు. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు.

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్‌సింగ్ అనే ఆయన మీద 1941లో ఒక దోపిడీ కేసు పెట్టి, సాక్ష్యం లేక వదిలేశారు. అయినా పోలీసులు ఆయన్ని కనిపెట్టుకుని వుండేవారు. అర్ధరాత్రి వచ్చి తలుపు కొట్టి, నిద్రలేపి, ఇంట్లో వున్నాడా లేడా అని చూసిపోయేవారు. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 1962 డిసెంబరులో ఆరుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. రాత్రిపూట ఇంటికి రావడం తప్పన్నారు గానీ, ఎక్కువమంది "గోప్యత అన్న హక్కు మన రాజ్యాంగంలో లేదు" అన్నారు. రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావుగారు మాత్రం ఒప్పుకోలేదు. గోప్యత లేకపోతే స్వేచ్ఛే లేదనీ, అడుగడుగునా కనిపెట్టి చూస్తుంటే మనిషి స్వేచ్ఛగా బతకలేడనీ వేరే తీర్పు రాశారు. అప్పటికది తక్కువమంది మాట. తరువాత 1966లో ఆయనే దేశానికి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

రెండోది మరీ మన ఆడవాళ్ళకు సంబంధించింది. సినీనటి సరితగారికి 1975లో, స్కూలు పిల్లగా వున్నప్పుడే పెళ్ళయింది. వెంటనే విడిపోయారు. కొన్నేళ్ళకు భర్త, ఆమె వచ్చి తనతో కాపురం చేసేలా ఆజ్ఞ ఇవ్వమని కడప కోర్టులో దావా వేశాడు. హిందూ వివాహ చట్టంలో 9వ సెక్షన్ అందుకు వీలిస్తుంది. ఆ కేసు ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వచ్చింది. 1983 జూలైలో జస్టిస్ పి.ఏ. చౌదరిగారు ఆ సెక్షనే చెల్లదన్నారు. ఇష్టంలేని కాపురానికి కోర్టు ఆజ్ఞతో పంపితే, ఆ స్త్రీ శరీరం మీదా, బిడ్డను కనాలా వద్దా అన్నదాని మీదా ఆమెకు అధికారం పోయి ఇంకొకరికి వస్తుంది, అది ఆమె గోప్యతకు భంగం అని ఆయన వివరించారు. మరుసటి ఏడు, 1984లో సుప్రీంకోర్టు ఇంకో కేసులో ఈ అభిప్రాయాన్ని ఒప్పుకోలేదు. ఆ సెక్షన్ ఇప్పటికీ చట్టంలో వుంది. అయినా నాకు ఆ తీర్పు అంటే గౌరవం. గుట్టు అంటే ఇంటి గుట్టు ఒక్కటే కాదు, ఇంట్లో వున్న ఆడదానికి తనదంటూ ఒక గుట్టు వుంటుందని చెప్పిన తీర్పు అది.

ఇదే హైకోర్టు తరువాత ఇంకో మాట చెప్పింది. ఒక భర్త, భార్య తనవాళ్ళతో ఫోనులో మాట్లాడుకున్న మాటలు ఆమెకు తెలియకుండా రికార్డు చేసి, విడాకుల కేసులో సాక్ష్యంగా తెచ్చాడు. అది చట్టవిరుద్ధం, భార్య గోప్యతకు భంగం అంది కోర్టు. అయితే 2025 జూలైలో సుప్రీంకోర్టు, భార్యాభర్తలు తమలో తాము మాట్లాడుకున్నది ఒకరు రహస్యంగా రికార్డు చేసినా విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చు అంది. కాబట్టి ఈ తగవు ఇంకా తెగలేదనే అనుకోవాలి.

పెద్ద తీర్పు 2017 ఆగస్టు 24న వచ్చింది. కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి పుట్టస్వామిగారు ఆధార్ విషయమై వేసిన కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒకే మాటగా, గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. ఆ తొమ్మిదిమందిలో మన కృష్ణా జిల్లావారు జస్టిస్ చలమేశ్వర్‌గారు ఒకరు. 55 ఏళ్ళ కిందట సుబ్బారావుగారు చెప్పిందే సరైనదని ఆ తీర్పు ఒప్పుకుంది.

ఇంతా జరిగాక మన గుట్టు భద్రమేనా? కాదు. 2018లో మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో 1 లక్షా 30 వేలకు పైగా లబ్ధిదారుల ఆధార్ నెంబర్లూ, కులమూ, మతమూ, బ్యాంకు ఖాతా వివరాలూ ఎవరైనా చూసేలా వుండిపోయాయి. బయటపడ్డాక తీసివేశారు. ఇల్లు కావాలని దరఖాస్తు పెట్టుకున్న పాపానికి వాళ్ళ సంగతులన్నీ రచ్చకెక్కాయి. మా నూతి దగ్గర కళ్ళు నాలుగు. వాటిని మామ్మ చూడగలదు, మొహం తిప్పుకోగలదు. పైగా ఆ నలుగురూ పదిరోజుల్లో మరిచిపోయారు. ఈ కొత్త కళ్ళు ఎవరివో మనకు కనిపించవు. మరిచిపోవడం వాటికి తెలియదు. పాతకాలానికీ ఇప్పటికీ తేడా అంతా ఇక్కడే వుంది.

ఇక నా పొరపాటు. ఇది చెప్పడానికి నోరు రావడంలేదు, అయినా చెప్పాలి.

ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు సంగతి మీరు వినే వుంటారు. కారణం ఇదీ అని ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. ఊరూరా రక్తపరీక్షలు చేశారు. 2023 డిసెంబరులో పలాసలో దీనికోసం ప్రత్యేకంగా ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం ప్రారంభించారు. జబ్బు ఒక బాధ అయితే, ఆ ఇంట జబ్బుందట అన్న మాట ఇంకో బాధ. సంబంధాలు కుదరవు, కుదిరినవి నిలవవు.

మా అక్క కూతురికి సంబంధం దాదాపు ఖాయమైన రోజులవి. ఊరందరితోపాటు ఆ పిల్లకూ రక్తపరీక్ష చేశారు. క్రియాటినిన్ ఉండవలసిన దానికంటే కొంచెం ఎక్కువ వచ్చింది. అక్క భయపడి ఆ కాగితం ఫోటో తీసి నాకు పంపింది. మా బంధువుల్లో ఒక డాక్టరు వున్నాడు. ఆయన చూస్తాడు కదా అని నేను ఆ కాగితాన్ని, పిల్ల పేరూ వయసూ కనపడేట్టుగా, ఫోనులో మా కుటుంబ గ్రూపులో పెట్టేశాను. కుటుంబం అంటే అరవైమంది! డాక్టరు బాబు చూసి, "కంగారేం లేదు, నీళ్ళు బాగా తాగమనండి, మూడు నెలలాగి మళ్ళీ చేయిద్దాం" అన్నాడు. అంతటితో అయిపోయిందనుకున్నాను.

వారం తిరగకుండా పెళ్ళివారు కబురు పంపారు, జాతకాలు కుదరలేదని. జాతకం కాదు, కాగితం కుదరలేదని మాకు తరువాత తెలిసింది. ఎవరు పంపారో, ఎవరి ద్వారా వెళ్ళిందో ఇప్పటికీ తెలియదు. మూడు నెలల తరువాత చేయించిన పరీక్షలో అంతా మామూలుగా వచ్చింది. ఆ రెండో కాగితం కూడా అదే గ్రూపులో పెట్టాను. దాన్ని మాత్రం ఎవరూ ఎవరికీ పంపలేదు!

"పెదవి దాటితే పృథివి దాటుతుంది" అని పెద్దలు ఊరికే అనలేదు. ఆ పిల్ల నన్ను ఒక్క మాట తిట్టలేదు. "పిన్నీ, ఒక్క మాటు నన్ను అడిగి పంపాల్సింది" అంది, అంతే. నాలుగో తరగతిలో మామ్మ గుట్టు దాచిన నేను, నలభై దాటాక ఇంటి పిల్ల గుట్టు కాపాడలేకపోయాను. మునగచెట్టు కింద వేసిన ఒట్టు ఫోను చేతికి వచ్చాక మరిచిపోయాను.

దీనికి చట్టం లేదా అని అడుగుతారు. వుంది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేశారు, 2025 నవంబరులో దాని నిబంధనలు వచ్చాయి. కంపెనీలు మన అనుమతి లేకుండా మన సమాచారం వాడితే జరిమానా వేసే ఏర్పాటు ఆ చట్టంలో పెట్టారు. కానీ మనిషి తన సొంత పనికీ, ఇంటి అవసరానికీ వాడుకునే సమాచారానికి ఆ చట్టం వర్తించదని అందులోనే రాసి వుంది. అది న్యాయమే, ప్రతి ఇంటి గుమ్మంలో పోలీసును నిలబెట్టలేం కదా! అంటే కంపెనీ దగ్గర మనకు చట్టం కాపలా. కుటుంబ గ్రూపులో మనకు మనమే కాపలా.

అందుకని నేను నాకు పెట్టుకున్న నియమాలు మూడు. పరీక్ష కాగితం డాక్టరుకు ఒక్కరికే పంపాలి. ఇంకొకరి ఫోటో గానీ, కాగితం గానీ, మాట గానీ ఆ మనిషిని అడగకుండా పంపకూడదు. చిన్నపిల్లలైనా సరే అడగాలి. మూడోది, ఎవరైనా మనకు అలాంటిది పంపితే అది మన దగ్గరే ఆగిపోవాలి. ఖర్చు లేని పనులే ఇవన్నీ, ఏమంటారు?

అన్నట్టు, ఈ సంగతి మీకు చెప్పేముందు ఆ పిల్లను అడిగాను. కాసేపు ఆలోచించి, "చెప్పు పిన్నీ, పదిమందికి తెలిస్తే మంచిదే. నా పేరూ మా ఊరూ మాత్రం చెప్పకు" అంది.

నేను చెప్పలేదు. సెలవు.