పచ్చికకు చుట్టం పసిడి

పచ్చగడ్డీ పచ్చే, పచ్చకామెర్లూ పచ్చే. ఆకు రంగుకీ పసుపు రంగుకీ మనం ఒకే మాట వాడతాం. పసరు, పచ్చిక, పసుపు, పసిడి అన్నీ ఆ మాటకు అక్కచెల్లెళ్లే. పసిడి అరిగి పైడి అయింది. పసిడి అనే మాట ఇప్పుడు ఎక్కువగా పత్రికల ‘పసిడి ధర’ వార్తల్లోనే బతుకుతోంది. అంగడికి పోయి పసిడి ఇమ్మని అడిగేవాళ్లెవరు?

బాల్టిక్ సముద్రపు ఒడ్డున లాత్వియా అనే చిన్న దేశముంది. అక్కడ బంగారం జెల్ట్స్, ఆకుపచ్చ జల్యిష్, గడ్డి జాలె. మూడింటికీ మూలం ఒకటే. ఆ భాషకు సంస్కృతం దూరపు చుట్టం కాబట్టి, ఆ మూలమే ఇటువైపు హరితం, హరిద్ర, హిరణ్యం అయింది. హరిద్ర అంటే పసుపు. తెలుగు మాత్రం ఆ ఇంటి బిడ్డ కాదు, ద్రావిడ భాష. అరువు తెచ్చుకోకుండానే పచ్చ నుంచి పసుపుకీ, పసుపు నుంచి పసిడికీ తనంతట తానే నడిచింది. నన్ను ఆశ్చర్యపరిచేది ఇదే.

రంగు చూసి లోహానికి పేరు పెట్టడం మనకు అలవాటే. వెన్నెలలోని తెలుపే వెండిలోనూ ఉంది. రాగం అంటే ఎరుపు. చెంబు రాగిదైనా, చిత్తూరోళ్ల సంగటి రాగులదైనా ఆ ఎరుపే. సువర్ణం అంటే మంచి రంగు. ఆ మాటే చంద్రగిరి, తిరుచానూరు మీదుగా శ్రీకాళహస్తికి పారే స్వర్ణముఖికి పేరైంది. కాళహస్తి గుడి కట్టిన కూలీలు సాయంత్రం ఏటి ఇసుక దోసిట పట్టుకుంటే, ఎవరి కష్టానికి తగ్గట్టు వాళ్లకు అది బంగారమయ్యేదని ఆ ఊళ్లో ఇప్పటికీ చెబుతారు. కథే కావచ్చు, కూలి లెక్క మాత్రం న్యాయంగా ఉంది.

నిజంగా బంగారం దొరికింది పాత చిత్తూరు జిల్లాకు ఇంకో కొసన. కోలారు రాతిపొరలు కుప్పం వైపుకీ సాగాయి. చిగురుగుంట, బిసానత్తం గనులు ఆ వరసలోనివే. 2001లో కోలారు గనులతో పాటు అక్కడి తవ్వకాలూ ఆగిపోయాయి.

బంగారానికి ఇంకో పాత పేరూ ఉంది. తిరుమల శాసనాల్లో ఎక్కువ భాగం అరవంలో ఉన్నాయి. వాటిలో బంగారం ‘పొన్’. మన పాత తెలుగులోనూ అది పొన్నే. ఆ తిరుమలలోనే 1518లో శ్రీకృష్ణదేవరాయలు ఆనంద నిలయ విమానానికి బంగారు మలాము చేయించాడు. నేడు మనం దండం పెట్టే ఆ మెరుపు కింద ఉన్నవి రాగి రేకులు.

ఇక పసుపు, పసిడి చుట్టరికం చూడాలంటే శాసనాల దాకా పోనక్కర్లేదు. తాళిబొట్టుకు బంగారం కొనలేని ఇంట్లో పసుపుతాడుకు పసుపు కొమ్ము కట్టి పెళ్లి చేస్తారు.