ఆధారపడుటను తెలిపే ఆంగ్ల మోడల్ క్రియా ప్రయోగాలు

ఆంగ్ల భాషలో క్యాన్, కుడ్, మే, మైట్, షల్, షుడ్, విల్, వుడ్, మస్ట్ అను తొమ్మిది సహాయక క్రియలను మోడల్ క్రియలు అంటారు. పని జరిగినదని చెప్పుటకు గాక, అది జరుగుటకు గల అవకాశం, అనుమతి, అవసరం, సామర్థ్యం మొదలైనవాటిని తెలుపుటకు ఇవి వాడబడతాయి. ఈ క్రియలను "డిపెండ్ ఆన్", "రిలై ఆన్", "సబ్జెక్ట్ టు" వంటి ఆధారసూచక పదాలతో కలిపినపుడు కలిగే అర్థభేదాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

ఇందలి ఉదాహరణలు ఎక్కువగా పూర్వపు చిత్తూరు జిల్లా పశ్చిమ భాగమైన పలమనేరు, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల వ్యవసాయానికి సంబంధించినవి. ఇది మెట్ట ప్రాంతం. వేరుశనగ, టమాటా, మల్బరీ సాగు చేసేవారి మాటలలో "దేనిని బట్టి ఏది" అన్న ప్రస్తావన తరచు వస్తుంది. పైగా కర్ణాటక, తమిళనాడు సరిహద్దులు దగ్గరగా ఉండుటచేత ఇక్కడ తెలుగుతోపాటు కన్నడం, తమిళం కూడా వినిపిస్తాయి.

పదాల పుట్టుక

"డిపెండ్" అను మాటకు మూలమైన లాటిన్ క్రియకు "క్రిందికి వ్రేలాడు" అని అర్థం. సంస్కృతంలోని "అవలంబనము" కూడా "లంబ్" (వ్రేలాడు) ధాతువు నుండి పుట్టినదే. ఈ పోలిక ఆసక్తికరమైనది. అయితే తెలుగులో "అవలంబించు" అనగా ఒక పద్ధతిని చేపట్టు అని అర్థం స్థిరపడినది. కన్నడంలో మాత్రం అదే మాట "ఆధారపడు" అన్న అర్థంలో నిత్యవ్యవహారంలో ఉన్నది. కనుక సరిహద్దు ఊళ్ళ విద్యార్థికి కన్నడ పాఠ్యపుస్తకంలోని "అవలంబిసిదె" అన్న మాట ఒక అర్థాన్ని, తెలుగు పుస్తకంలోని "అవలంబించినది" అన్న మాట మరొక అర్థాన్ని ఇస్తాయి.

తెలుగులో "ఆధారపడు" అనునది సంస్కృత పదానికి "పడు" చేర్చగా ఏర్పడినది. ఇది ఎక్కువగా వ్రాతలోను, ఉపన్యాసాలలోను కనిపిస్తుంది. వాడుకలో అంతకంటె సహజమైనవి "బట్టి", "కొద్దీ", "నమ్ముకొను" అనేవి. "వానను బట్టి పంట", "పనికొద్దీ కూలి", "వానను నమ్ముకొని విత్తనం వేశారు" అన్న ప్రయోగాలు ఇందుకు ఉదాహరణలు.

క్రియ లేని వాక్యం

పై మూడింటిలో మొదటి రెండు వాక్యాలకు క్రియ లేదు. తెలుగు నుండి ఆంగ్లంలోకి అనువదించేవారికి అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. "పనిని బట్టి కూలి" అన్నపుడు అది వాస్తవ వర్ణన కావచ్చు, ఇరువురి మధ్య ఒప్పందం కావచ్చు, లేదా అలా ఉండుట న్యాయమన్న అభిప్రాయం కావచ్చు. వినేవారికి సందర్భం తెలుసు కనుక తెలుగులో ఇబ్బంది లేదు. ఆంగ్లంలో క్రియ తప్పనిసరి. "డిపెండ్స్" అంటే వర్ణన, "విల్ డిపెండ్" అంటే ఇకపై జరగబోయేది, "షుడ్ డిపెండ్" అంటే న్యాయం, "షల్ డిపెండ్" అంటే ఒప్పంద పత్రంలోని నిబంధన. మూలంలో లేని నిర్ణయాన్ని అనువాదకుడు తానే చేయవలసి వస్తుంది.

"ఆధారపడి ఉంటుంది" అని క్రియతో చెప్పినా ఈ చిక్కు పూర్తిగా తీరదు. తెలుగులో "ఉంటుంది" అన్న రూపం నిత్యసత్యానికి, భవిష్యత్తుకు కూడా చెల్లుతుంది. "టమాటా ధర సరుకు రాకను బట్టి ఉంటుంది" అన్న వాక్యం మదనపల్లె మార్కెట్ గురించిన సాధారణ సత్యమో, రేపటి ధర గురించిన మాటో ఆ వాక్యాన్ని మాత్రమే చూసి తేల్చలేము.

ప్రాథమిక నియమాలు

మోడల్ క్రియ తరువాత ప్రధాన క్రియ మూలరూపంలోనే ఉండాలి. "మే డిపెండ్" సరియైనది, "మే డిపెండ్స్" తప్పు. ప్రామాణిక ఆంగ్లంలో రెండు మోడల్ క్రియలు వెంట వెంట రావు. స్కాట్లండ్ లోను, అమెరికా దక్షిణ రాష్ట్రాలలోను కొన్ని మాండలికాలలో "మైట్ కుడ్" వంటివి ఉన్నా పరీక్షలలో వాటిని అంగీకరించరు. "డిపెండ్" స్థితిని తెలిపే క్రియ కనుక "ఈజ్ డిపెండింగ్" అన్న రూపం సాధారణంగా వాడరు. "ఆధారపడి ఉంది" అన్న తెలుగు రూపాన్ని మాటకు మాట మార్చడం వల్ల ఈ తప్పు దొర్లుతుంది.

అర్థభేదాలు

భాషాశాస్త్రవేత్త ఎఫ్.ఆర్. పామర్ 1979లో ప్రచురించిన గ్రంథంలో మోడల్ అర్థాలను మూడు తరగతులుగా విభజించెను. మాట్లాడేవాని నమ్మకాన్ని తెలిపేవి ఒక తరగతి, అనుమతిని లేదా విధిని తెలిపేవి రెండవది, కర్తకు గల శక్తిని తెలిపేవి మూడవది. "డిపెండ్" తో చేరినపుడు ఏ తరగతి వర్తించునో వాక్యంలోని కర్తను చూచి చాలావరకు గుర్తించవచ్చును.

కర్త వస్తువైతే మోడల్ క్రియ సాధారణంగా ఆధార సంబంధానికే తగులుతుంది. "దిగుబడి మే డిపెండ్ ఆన్ వాన" అన్నపుడు వాన కురియునా లేదా అన్నది సందేహం కాదు. దిగుబడికి వానతో సంబంధం ఉన్నదా అన్నదే సందేహం. ఇది విద్యార్థులు తరచు పొరబడే చోటు. వాన వస్తుందో రాదో తెలియదని చెప్పదలచినవారు "మే" వాడుతారు, కాని ఆంగ్ల పాఠకునికి అది వేరే అర్థాన్ని ఇస్తుంది. బోరు నీరు లేని వేరుశనగ చేను గురించి "మే డిపెండ్" అనుట అనవసరమైన సంకోచం, అక్కడ "డిపెండ్స్" అనే చెప్పాలి.

"క్యాన్ డిపెండ్" అంటే కొన్ని సందర్భాలలో ఆధారపడుతుంది, అన్నిటా కాదు అని అర్థం. పట్టుగూళ్ళ ధర కొన్నిమార్లు గూటి నాణ్యతను బట్టి, కొన్నిమార్లు గిరాకీని బట్టి ఉంటుందని చెప్పుటకు ఇది తగినది. "మస్ట్ డిపెండ్" అన్నది ఊహ: వేరే కారణం కనబడనందున ఇదే అయి ఉండాలని అనుట. ఈ అర్థం తెలుగులో "ఆధారపడి ఉండి ఉండాలి" అంటే గాని స్పష్టం కాదు. "వుడ్ డిపెండ్" లో ఒక షరతు దాగి ఉంటుంది. అప్పు ఇస్తారా అని అడిగినవానికి "దట్ వుడ్ డిపెండ్" అన్న జవాబు వస్తే, మన పెద్దలు "చూద్దాం లే" అన్నట్లే. అందులో కాదనడం లేదు, ఔననడం అంతకన్నా లేదు.

కర్త మనిషైతే అర్థం మారిపోతుంది. "యు క్యాన్ డిపెండ్ ఆన్ హర్" అనగా ఆమెను నమ్ముకోవచ్చు అని. దీనిని "ఆమె మీద ఆధారపడవచ్చు" అని అనువదిస్తే ఆమె పోషణలో బ్రతకవచ్చు అన్న ధ్వని వస్తుంది. ఇచట "నమ్ముకొను" అన్నదే సరియైన మాట. అదే కర్తకు "మస్ట్" చేరిస్తే ఊహ పోయి, వేరే దారి లేదన్న నిర్బంధం వస్తుంది.

వ్యతిరేకార్థం

ఇక్కడ తెలుగే మిన్న అని చెప్పవచ్చును. ఆంగ్లంలో "మే నాట్" అన్నది నిషేధమూ కావచ్చు, అనుమానమూ కావచ్చు. తెలుగులో "ఆధారపడరాదు" నిషేధం, "ఆధారపడకపోవచ్చు" అనుమానం, "ఆధారపడనక్కరలేదు" అవసరం లేకపోవుట, "ఆధారపడలేము" అశక్తత. నాలుగింటికి నాలుగు రూపాలు. ఇందులో "వచ్చు", "రాదు" అనేవి వచ్చు ధాతువు రూపాలే. "చేయవచ్చు"కు వ్యతిరేకం "చేయరాదు" అయినది అందుచేతనే. విధిని తెలిపే రూపాలలో కూడా ఆంగ్ల "మస్ట్ నాట్" నిషేధాన్ని తెలిపితే, "నీడ్ నాట్" అవసరం లేదని తెలుపుతుంది. ఈ రెండూ కలిపివేయరాదు.

కార్యాలయ పత్రాలలో

ఈ భేదాల వలన నిజమైన లాభనష్టాలు కలిగేది ప్రభుత్వ, బ్యాంకు పత్రాలలో. "నిధుల లభ్యతకు లోబడి పరిహారం మంజూరు చేయవచ్చును" అన్న వాక్యానికి మూలంలో "మే" తోపాటు "సబ్జెక్ట్ టు" ఉంటుంది. ఇందులో రెండు వేర్వేరు సందేహాలు ఉన్నవి. నిధులు ఉండాలన్నది ఒకటి. ఉన్నప్పటికీ ఇచ్చుట అధికారి విచక్షణకు వదిలారన్నది రెండవది. చాలామంది మొదటిదానినే చదువుకొని, నిధులు రాగానే డబ్బు వస్తుందని ఎదురుచూస్తారు. అదే "షల్ బి పెయిడ్ సబ్జెక్ట్ టు" అని ఉంటే, షరతు నెరవేరిన పిమ్మట చెల్లింపు సాధారణంగా విధి అవుతుంది. తెలుగు ప్రతిలో "చేయవచ్చును", "చేయబడును" అన్న భేదం చిన్నదిగా కనబడుతుంది, కాని కోరే హక్కు ఉన్నదా లేదా అన్నది దానిలోనే ఉన్నది.

న్యాయస్థానాలు కొన్ని సందర్భాలలో "మే"ను "షల్"గా చదివినవి. ఇంగ్లండులో 1880 నాటి జూలియస్ కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఈ విషయాన్ని విపులంగా చర్చించినది. ఉత్తర ప్రదేశ్ రాష్ట్రం, జోగేంద్ర సింగ్ మధ్య నడచిన కేసులో భారత సుప్రీంకోర్టు 1963లో ఇట్టి తీర్పునే ఇచ్చినది. ఆ కేసులోని నిబంధన ప్రకారం గెజిటెడ్ ఉద్యోగి స్వయంగా కోరినచో గవర్నరు అతని వ్యవహారాన్ని ట్రిబ్యునల్ కు పంపవచ్చును. ఉద్యోగి కోరిక అన్న షరతుపై ఆధారపడిన ఆ "మే", షరతు తీరిన తరువాత "షల్" అవుతుందని కోర్టు నిర్ణయించెను. అయితే దీనిని అన్ని నోటీసులకు వర్తింపజేయరాదు. ఆ మాటకు సాధారణ అర్థం విచక్షణే.

"యాజ్ ద కేస్ మే బి" అన్న చట్టపు పలుకుబడిలోని "మే"కు అనుమతితో సంబంధం లేదు. చెప్పిన వాటిలో ఏది వర్తిస్తే అది అని దాని భావం, "సందర్భానుసారంగా" అన్నది తగిన అనువాదం.

ఉపవాక్యాలలో

"ఇఫ్" తో మొదలయ్యే షరతు వాక్యంలో భవిష్యత్తును తెలిపే "విల్" సాధారణంగా రాదు. "డిపెండ్స్ ఆన్ వెదర్" తరువాత మాత్రం రావచ్చును, వర్తమాన రూపమైనా తప్పు కాదు. తెలుగులో దీనికి "వాన వస్తుందా రాదా అన్నదానిని బట్టి" అని రెండు పక్షాలు చెప్పుట ఆచారం. రెండవ పక్షాన్ని ఆంగ్లంలో చేర్చదలిస్తే "ఆర్ నాట్" సరిపోతుంది.