హరిత విప్లవంలో ఎరుపు

'గ్రీన్ రివల్యూషన్' అంటే ఏమిటో బడిపిల్లలు కూడా చెబుతారు: కొత్త విత్తనం, ఎరువు, నీళ్లు, ఎక్కువ దిగుబడి. అర్థం సరే, ఆ మాట ఎందుకు పుట్టిందో మాత్రం అందులో లేదు. అమెరికా విదేశీ సహాయ సంస్థ అధిపతి విలియం గాడ్ 1968 మార్చి 8న వాషింగ్టన్‌లో ఆ మాట వాడాడు. ఇది సోవియట్ల ఎర్ర విప్లవమూ కాదు, ఇరాన్ షా తెల్ల విప్లవమూ కాదన్నది ఆయన భావం. పైరు రంగు ఒక్కటే కాదు, ఎరుపుకు పోటీ కూడా ఆ 'గ్రీన్'లో ఉంది. అప్పటికి హైదరాబాదు పక్కనున్న రాజేంద్రనగర్‌లో పని ఎప్పుడో మొదలైంది. వ్యవసాయ విశ్వవిద్యాలయం 1964లో, అఖిల భారత వరి పరిశోధన సమన్వయ పథకం 1965లో వచ్చాయి. పాత పొడుగు రకాలకు ఎరువు ఎక్కువైతే చేను పడిపోయేది. టైచుంగ్ నేటివ్-1ను టి-141తో సంకరం చేసి తీసిన పొట్టి రకం 'జయ' నిలబడింది. అది విడుదలైంది 1968లో. ఆచంటలో రైతు నెక్కంటి సుబ్బారావు అంతకు ముందు ఏడాదే మరో పొట్టి వరి రకం ఐఆర్-8 పండించాడు. పేరు పెట్టినవాడి అవసరం వేరు, మడిలో దిగినవాడి అవసరం వేరు.

తెలుగులోకి వచ్చేసరికి ఆ మాట మరో మెలిక తిరిగింది. పచ్చగా బతకమని దీవించే భాషలో 'పచ్చ'ను కాదని, కాగితం మీది 'హరిత'ను తెచ్చుకున్నాం (పచ్చ అంటే పసుపు అనుకుంటారన్న భయం కాబోలు). 'విప్లవం' దగ్గర అసలు చిక్కు. 1946 నుంచి 1951 దాకా భూమి కోసం సాయుధ పోరాటం నడిచిన తెలంగాణలో, 1970 జులై 4న విప్లవ రచయితల సంఘం పుట్టిన హైదరాబాదు పక్కన, భూమి ఎవరిదన్న ప్రశ్నకూ ఎకరానికి ఎన్ని బస్తాలన్న ప్రశ్నకూ ఒకటే మాట! గాడ్ విడదీయబోయిన రెంటినీ తెలుగు మళ్లీ కలిపేసింది.

మాటకు పుట్టుకతో పనేమిటి, వాడుకే అర్థం కదా అనవచ్చు. నిజమే, గాడ్ చెప్పిన తెల్ల విప్లవం షాది, మనకు శ్వేత విప్లవం అంటే పాలు. కానీ ఆ వాడుకే నా వాదానికి సాక్ష్యం: పోటీ మరుగున పడింది కాబట్టే రంగులు సరుకుల పట్టికగా మిగిలాయి. రాజేంద్రనగర్‌లోనే నూనెగింజల పరిశోధన సంస్థ ఉంది; 1986లో నూనెగింజల మిషన్ మొదలయ్యాక పసుపు విప్లవమూ వచ్చింది. అది ఏ రంగు మీద తిరుగుబాటని ఎవరూ అడగలేదు.