ఆట ఎవరిది? వీడియో గేమ్ పాత్రలు, లక్షిత వర్గంపై మూస భావనలు

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తర్వాత మీరు:
• వీడియో గేమ్ పాత్రను ఒక చారిత్రక ఆధారంగా పరిశీలించగలుగుతారు.
• ‘ఈ ఆట ఫలానా వారికే’ అన్న భావన ఎలా ఏర్పడిందో వివరించగలుగుతారు.
• హైదరాబాద్‌లో రూపొందిన పాత్రలను ఈ దృష్టితో విశ్లేషించగలుగుతారు.

1. ప్రస్తావన

శాసనాలు, నాణేలు, దస్తావేజులు చరిత్రకు ఆధారాలని మీకు తెలుసు. తెర మీద కదిలే బొమ్మ కూడా ఆధారమే. అయితే అది దేనికి ఆధారమో ముందుగా తేల్చుకోవాలి. ఒక పాత్ర రూపం, దుస్తులు, పేరు చూస్తే, దాన్ని తయారుచేసినవారు ఆడేవారిని ఎలా ఊహించుకున్నారో తెలుస్తుంది. నిజంగా ఎవరు ఆడారన్నది వేరే ప్రశ్న.

మీకు తెలిసిన ఉదాహరణతో చూద్దాం. బాలాపూర్ గణేశుని లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలైంది. ఏటా వేలంలో లడ్డూ ఎవరికి దక్కింది, ఎంతకు దక్కింది అన్న వివరాలు పత్రికల్లో వస్తాయి. ఆ ప్రసాదం ఎందరి చేతుల్లోకి వెళ్లిందో మాత్రం ఆ జాబితాలో ఉండదు. జాబితా ఒక్కటే చూసి ‘బాలాపూర్ గణేశుని భక్తులంటే వేలం పాడినవారే’ అని రాస్తే ఒప్పుకుంటారా? వీడియో గేమ్ పరిశ్రమ చాలాకాలం ఇలాగే లెక్కవేసింది. కొన్నవారిని చూసి, ఆడేవారు వీరేనని తీర్మానించింది.

2. లక్షిత వర్గం ఎలా తయారైంది?

ఆటలు పుట్టుకతోనే మగపిల్లలవి కావు. 1980లో జపాన్‌లో నామ్కో సంస్థ ‘ప్యాక్‌మ్యాన్’ను విడుదల చేసింది. ఆటశాలలకు అమ్మాయిలు కూడా రావాలన్న ఆలోచనతో దాన్ని రూపొందించానని తోరు ఇవతాని చెప్పారు. యుద్ధం బదులు తినడాన్ని ఆటగా మలిచారు. 1982లో అమెరికాలో ‘మిస్ ప్యాక్‌మ్యాన్’ వచ్చింది. అదే పసుపుపచ్చ గుండ్రటి బొమ్మకు తలమీద రిబ్బను, పెదవులకు రంగు పెట్టారు. గమనించండి: గుర్తులేవీ లేని బొమ్మ మగవాడైంది, గుర్తులు తగిలించిన బొమ్మ ఆడది అయింది.

1983లో అమెరికా వీడియో గేమ్ మార్కెట్ కుప్పకూలింది. 1985లో నింటెండో సంస్థ తన యంత్రాన్ని అక్కడ ఆటవస్తువుగా అమ్మకానికి పెట్టింది. ఆటవస్తువుల దుకాణాల్లో అప్పటికే మగపిల్లల అరలు వేరు, ఆడపిల్లల అరలు వేరు. వీడియో గేమ్ మగపిల్లల అరకు చేరింది, ప్రకటనలూ వారి కోసమే వచ్చాయి. 1989లో వచ్చిన చేతి యంత్రానికి ‘గేమ్ బాయ్’ అని పేరు పెట్టారు.

1996లో రెండు ఆటలు వచ్చాయి. ‘టూంబ్ రైడర్’లో లారా క్రాఫ్ట్ సాహసవంతురాలైన కథానాయిక. అయినా ఆమె శరీరాన్ని, ఆటకు చేసిన ప్రచారాన్ని యువకుల చూపు కోసమే తీర్చిదిద్దారని విమర్శ వచ్చింది. అదే ఏడాది అమ్మాయిల కోసమని ‘బార్బీ ఫ్యాషన్ డిజైనర్’ వచ్చింది. మొదటి రెండు నెలల్లోనే 5 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. అమ్మాయిలకు కంప్యూటర్ ఆటలపై ఆసక్తి లేదన్న మాట దీనితో తప్పని తేలింది. కానీ అమ్మాయిలంటే దుస్తులే అన్న మరో మూస బలపడింది.

3. ఇందులో పోయేదేమిటి?

బొమ్మల గురించి ఇంత చర్చ ఎందుకని మీరు అడగవచ్చు. అమెరికాలో 1984 ప్రాంతంలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీలు పొందినవారిలో మహిళలు సుమారు 37 శాతం. 2010 నాటికి అది 18 శాతం దగ్గరకు పడిపోయింది. ఇంటి కంప్యూటర్లను, ఆటలను అబ్బాయిల వస్తువులుగా ప్రచారం చేయడం దీనికి ఒక కారణమని పలువురు పరిశోధకుల అభిప్రాయం. అదే కాలంలో మన దేశంలో కంప్యూటర్ చదువుల్లో అమ్మాయిల వాటా పెరిగింది. కాబట్టి ఇది స్వభావానికి సంబంధించిన విషయం కాదు, సమాజం ఇచ్చిన అవకాశానికి సంబంధించినది.

4. హైదరాబాద్ అనుభవం

1990లలో మన పట్టణాల్లో వీడియో గేమ్ దుకాణాలు ఉండేవి. గంటకింత అని డబ్బు తీసుకునేవారు. అక్కడికి అబ్బాయిలు వెళ్లేవారు, అమ్మాయిలను పెద్దలు సాధారణంగా పంపేవారు కాదు. అమ్మాయిలు కనిపించకపోవడానికి కారణం అనుమతి లేకపోవడం. దుకాణదారు లెక్కలో మాత్రం అది ఇష్టం లేకపోవడంగా నమోదైంది.

2009లో హైదరాబాద్ సంస్థ అరోనా టెక్నాలజీస్ ప్లేస్టేషన్ 2 కోసం ‘హనుమాన్: బాయ్ వారియర్’ను రూపొందించింది. దేవుణ్ణి ఆటగాడి చేతిలోని మీటలతో నడిపించడంపై అభ్యంతరాలు వచ్చాయి. అదే ఏడాది ఇక్కడి గేమ్‌శాస్త్ర సంస్థ కబడ్డీ, గాలిపటాల వంటి మన ఆటలతో ‘దేశీ అడ్డా’ను తెచ్చింది. భారతీయ పిల్లలకు కావలసింది పురాణమో పల్లెటూరో అన్న ఊహ ఈ రెండింటిలోనూ కనిపిస్తుంది.

మీకు బాగా తెలిసిన పాత్ర ఛోటా భీమ్. హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సృష్టించిన ఈ పాత్ర 2008లో టీవీలో మొదలై, తర్వాత మొబైల్ ఆటల్లోకీ వచ్చింది. భీముని జట్టులో అమ్మాయి చుట్కీ ఒక్కతే. భీమునికి బలమిచ్చే లడ్డూలు చేసేది చుట్కీ తల్లి. భీమునితో పోటీపడే దుందుడుకు పిల్లవాడి పేరు కాలియా, నలుపును గుర్తుచేసే పేరు. చుట్కీ ధైర్యవంతురాలే, కానీ జట్టుకు పేరు ఆమెది కాదు. 2020లో భీముడు రాకుమారి ఇందుమతిని పెళ్లి చేసుకున్నాడన్న ప్రచారం రాగానే, చుట్కీకి న్యాయం చేయాలంటూ సామాజిక మాధ్యమాల్లో హోరెత్తింది. వాళ్లింకా చిన్నపిల్లలేనని సంస్థ వివరణ ఇవ్వాల్సి వచ్చింది. పిల్లల కోసమనుకున్న బొమ్మను తమదనుకున్న పెద్దవాళ్లు ఎందరో ఉన్నారని అప్పుడు తెలిసింది.

2016 తర్వాత చౌక డేటాతో ఆట ఫోన్‌లోకి చేరింది. దుకాణం గడప దాటాల్సిన అవసరం పోయింది. లూడో ఆడే అత్తాకోడళ్లు ఏ కంపెనీ పాత ఊహలోనూ లేరు. అదే ఏడాది తెలంగాణ ప్రభుత్వం యానిమేషన్, గేమింగ్ రంగాలకు ‘ఇమేజ్’ విధానాన్ని ప్రకటించింది. రేపటి పాత్రలను గీసేవారు మీ ఇళ్లలోనే ఉండవచ్చు.

5. సారాంశం

లక్షిత వర్గం దొరికిన వస్తువు కాదు, తయారుచేసిన వస్తువు. దుకాణపు అర, ప్రకటన, ఇంటి కట్టుబాటు కలిసి దాన్ని తయారుచేశాయి. ఆ ఊహ నుంచి పాత్ర పుట్టింది. ఆ పాత్రను చూసి కొందరు దూరమయ్యారు. వారి గైర్హాజరీయే ఊహకు రుజువైంది. ఈ వలయాన్ని విడదీసి చూపడం చరిత్ర విద్యార్థి పని.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ‘మిస్ ప్యాక్‌మ్యాన్’ రూపం ఏ మూస భావనను తెలుపుతుంది?
2. కొనుగోలుదారుల జాబితా ఆడేవారి చరిత్రకు ఎందుకు చాలదు?
3. మీ ఇంట్లో ఫోన్‌లో ఆడే ఆటల పేర్లు, ఆడేవారి వయసులు రాయండి. ఆ ఆటల్లోని పాత్రలతో పోల్చి ఒక పుట వ్యాసం రాయండి.