డిగ్రీ నుంచి చంద్రుడి దాకా.. గ్రహ శాస్త్ర పరిశోధనకు దారులివి

సూళ్లూరుపేట: శ్రీహరికోటలో రాకెట్ లేచే రోజున పులికాట్ ఒడ్డు గ్రామాల్లో జనం మేడలెక్కి ఆకాశం వైపు చూస్తారు. 2008 అక్టోబరు 22న చంద్రయాన్-1, 2013 నవంబరు 5న అంగారక యాత్ర నౌక, 2019 జులై 22న చంద్రయాన్-2, 2023 జులై 14న చంద్రయాన్-3 ఇక్కడి నుంచే బయలుదేరాయి. పొగ చెదిరిపోగానే ఇక్కడి సందడి ముగుస్తుంది. శాస్త్రవేత్తల పని మొదలయ్యేది ఆ తర్వాతే. నౌకలు పంపే చిత్రాలు, కొలతలు బెంగళూరు సమీపంలోని బైలాలు కేంద్రానికి చేరి భద్రమవుతాయి. కొంత గడువు గడిచాక వాటిని ఎవరైనా ఉచితంగా తీసుకుని పరిశోధించవచ్చు. ఈ సంగతి తెలిసిన విద్యార్థులు పల్లె కళాశాలల్లో అరుదు.

అంతరిక్షం అనగానే ఇంజినీరింగ్ ఒక్కటే దారి అన్న అభిప్రాయం తల్లిదండ్రుల్లో పాతుకుపోయింది. రాకెట్ తయారు చేయడానికి ఇంజినీర్లు కావాలి, నిజమే. రాకెట్ మోసుకెళ్లిన పరికరం చంద్రుడి మట్టిలో ఏమి చూసిందో చెప్పడానికి మాత్రం భౌతిక, రసాయన, భూగర్భ శాస్త్రాలు చదివినవారు కావాలి. బీఎస్సీలో చేరిన రోజే ఈ మాట చెప్పేవారుంటే విద్యార్థికి రెండు, మూడేళ్లు కలిసివస్తాయి. పీజీ పూర్తయి, ఉద్యోగ పరీక్షల వెంట తిరిగి, వయోపరిమితి దగ్గరపడ్డాక తెలిస్తే ఉపయోగం తక్కువ.

చీమకుర్తి రాయికి చంద్రుడితో చుట్టరికం

ఈ శాస్త్రం ఎక్కడో దూరాన ఉన్నది కాదు. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో తవ్వే గెలాక్సీ గ్రానైట్‌ను వ్యాపారంలో గ్రానైట్ అంటున్నా, శాస్త్రం ప్రకారం అది గ్యాబ్రో జాతి రాయి. అందులో ప్రధానంగా ఉండే ప్లేజియోక్లేజ్ అనే ఖనిజమే చంద్రుడి ఎత్తైన ప్రాంతాల్లోనూ ప్రధానమైనది. ఈ ఖనిజమే దాదాపుగా నిండి ఉన్న రాయిని అనార్థోసైట్ అంటారు. తమిళనాడులోని నామక్కల్ జిల్లా సిత్తంపూండి పరిసరాల్లో దొరికే ఈ రాతిని పొడి చేసి ఇస్రో కృత్రిమ చంద్ర మృత్తికను తయారు చేసింది. ల్యాండరు, రోవరు పరీక్షలకు వాడిన ఆ మట్టి తయారీ విధానానికి 2020లో పేటెంటు కూడా లభించింది.

2023 ఆగస్టు 23న విక్రమ్ చంద్రుడిపై దిగింది. అందులోంచి వెలుపలికి వచ్చిన ప్రజ్ఞాన్ రోవరు సుమారు 103 మీటర్లు నడిచి, 23 చోట్ల మట్టిలోని మూలకాలను కొలిచింది. ఆ కొలతలు తీసిన పరికరం అహ్మదాబాద్‌లోని భౌతిక పరిశోధనశాల, అంటే పీఆర్‌ఎల్‌లో తయారైంది. అక్కడి మట్టి కూడా అనార్థోసైట్ తరహాదేనని, పుట్టిన తొలినాళ్లలో చంద్రుడు కరిగిన శిలాద్రవపు సముద్రంగా ఉండేవాడన్న సిద్ధాంతానికి ఇది బలమిస్తోందని 2024 ఆగస్టులో నేచర్ పత్రికలో వ్యాసం వెలువడింది. తేలికైన ప్లేజియోక్లేజ్ ఆ ద్రవంపై పాల మీద మీగడలా తేలి గడ్డకట్టిందన్నది ఆ సిద్ధాంత సారాంశం. గనిలో రాయిని చూసి దాని పుట్టుక చెప్పగల భూగర్భ శాస్త్ర విద్యార్థికి ఈ వాదన కొత్తగా అనిపించదు.

ఏం చదవాలి, ఎక్కడ చేరాలి

గ్రహ శాస్త్రం అన్న పేరుతో డిగ్రీ కోర్సు కోసం వెతకనవసరం లేదు. బీఎస్సీలో భౌతిక, గణిత, రసాయన, భూగర్భ శాస్త్రాల్లో ఏవి చదివినా తర్వాత ఎమ్మెస్సీలో ఫిజిక్స్, జియాలజీ, జియోఫిజిక్స్ వంటి కోర్సుల ద్వారా ఇటు రావచ్చు. ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర, ఉస్మానియా విశ్వవిద్యాలయాల్లో భూగర్భ శాస్త్ర శాఖలు ఉన్నాయి. ఐఐటీల్లో ఎమ్మెస్సీ చేయదలచినవారు జామ్ పరీక్ష రాయాలి. ఇందులో జియాలజీకి, ఫిజిక్స్‌కు వేర్వేరు ప్రశ్నపత్రాలు ఉంటాయి.

పరిశోధనకు ప్రధాన ద్వారం సీఎస్‌ఐఆర్ నెట్. ఏడాదికి రెండుసార్లు జరిగే ఈ పరీక్షలో భూమి, వాతావరణం, సముద్రం, గ్రహాల శాస్త్రాలన్నీ కలిపి ఒకే సబ్జెక్టుగా ఉన్నాయి. సబ్జెక్టు పేరులోనే గ్రహ శాస్త్రం ఉన్నా ఆ దారి గుర్తించేవారు కొద్దిమందే. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు ఎంపికైతే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, తర్వాత రూ.42,000 చొప్పున 2023 జనవరి నుంచి చెల్లిస్తున్నారు. ఇంటి అద్దె భత్యం అదనం. ఫెలోషిప్‌కు సాధారణ వయోపరిమితి 30 ఏళ్లు. రిజర్వుడు వర్గాలకు, మహిళలకు, దివ్యాంగులకు సడలింపు ఉంది. గేట్, జెస్ట్ అర్హతలతోనూ పలు సంస్థలు పరిశోధకులను తీసుకుంటాయి.

చేరదగిన సంస్థల్లో మొదట చెప్పుకోవలసినది పీఆర్‌ఎల్. విక్రమ్ సారాభాయ్ 1947లో స్థాపించిన ఈ సంస్థలో గ్రహ శాస్త్రానికి ప్రత్యేక విభాగం ఉంది. అపోలో వ్యోమగాములు తెచ్చిన చంద్రశిలలను 1970 దశకంలోనే ఇక్కడ పరీక్షించారు. కొన్నేళ్లుగా ఈ సంస్థ భారత గ్రహ శాస్త్ర సదస్సును నిర్వహిస్తోంది. తిరువనంతపురంలోని అంతరిక్ష భౌతిక ప్రయోగశాల, అక్కడే 2007లో ఏర్పడిన ఐఐఎస్‌టీ మరో రెండు ముఖ్య కేంద్రాలు. ఇంటికి దగ్గరగా కావాలనుకునేవారికి హైదరాబాద్‌లో ఎన్‌జీఆర్‌ఐ, తిరుపతి సమీపంలోని గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధనశాల ఉన్నాయి. గాదంకిలో చేసేది భూ వాతావరణ పరిశోధన. శుక్రుడు, అంగారకుడి వాతావరణాలను అర్థం చేసుకోవడానికి అవసరమైన భౌతిక శాస్త్రం మాత్రం అదే.

సమాచారం ఉచితం, యంత్రం సాధారణం

పరికరాలు లేవన్న సాకు ఈ శాస్త్రంలో చాలా వరకు చెల్లదు. ఇస్రో 'ప్రదాన్' వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకుంటే చంద్రయాన్-2 సమాచారం లభిస్తుంది. దీనిని 2020 డిసెంబరులో బహిరంగపరిచారు. చంద్రయాన్-3 సమాచారం 2024 ఆగస్టు 23న, తొలి జాతీయ అంతరిక్ష దినోత్సవం సందర్భంగా వెలువడింది. చంద్రయాన్-2 కెమెరాల్లో ఒకటి దాదాపు పాతిక సెంటీమీటర్ల వివరం కూడా తెలిసేలా చిత్రాలు తీసింది. నాసా తన గ్రహ సమాచార భాండాగారాన్ని, ఐరోపా, జపాన్ సంస్థలు తమవాటిని ఇలాగే తెరిచి ఉంచాయి. అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయం రూపొందించిన జేమార్స్, పటాల తయారీకి వాడే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్లు ఉచితం. పరిశోధన వ్యాసాలకు నాసా ఏడీఎస్, ఆర్కైవ్ వెబ్‌సైట్లు ఉన్నాయి. అమెరికాలోని హ్యూస్టన్ సమీపంలో ఏటా మార్చిలో జరిగే చంద్ర, గ్రహ శాస్త్ర సదస్సుకు వచ్చే రెండేసి పుటల సంగ్రహాలను ఎవరైనా చదువుకోవచ్చు. కొత్తవారికి పెద్ద వ్యాసాల కంటే ఇవే మేలు. పని ఎలా మొదలై ఎక్కడ ఆగిందో రెండు పుటల్లో తెలిసిపోతుంది.

తొలి ప్రయత్నానికి బిలాల లెక్కింపు అనువైనది. చంద్రుడిపై గాలి, వాన లేవు గనుక ఉల్కలు పడి ఏర్పడిన గుంటలు కోట్ల ఏళ్లయినా చెరిగిపోవు. ఒక మైదానంలో గుంటలు ఎంత ఎక్కువైతే ఆ నేల అంత పాతది. అపోలో శిలల వయస్సును ప్రయోగశాలలో కచ్చితంగా కొలిచారు గనుక, ఆ శిలలు దొరికిన చోటి గుంటల సంఖ్యను కొలబద్దగా పెట్టుకుని మిగిలిన ప్రాంతాల వయస్సు లెక్కకట్టవచ్చు. చిత్రం, ఓపిక, కొంత గణాంక శాస్త్రం ఉంటే చాలు. అయితే కొన్ని చిత్రాలు ఒక్కొక్కటి గిగాబైట్‌కు పైగా ఉంటాయి. ఇంటర్‌నెట్ మందకొడిగా ఉన్న ఊళ్లలో ఒకటి దిగుమతి కావడానికి రాత్రంతా పట్టవచ్చు. కళాశాలలోనే పది చిత్రాలు ఒకసారి దించి అందరికీ పంచే ఏర్పాటు చేస్తే ఈ చిక్కు తీరుతుంది. అధ్యాపకుడు ఒక్కరు పూనుకుంటే అయ్యే పని ఇది.

నేల మీద చూడదలచినవారికి మహారాష్ట్ర బుల్ఢాణా జిల్లాలోని లోణార్ సరస్సు ఉంది. ఉల్క ఢీకొని బసాల్ట్ శిలల్లో ఏర్పడిన ఈ బిలం వ్యాసం దాదాపు 1.8 కిలోమీటర్లు. చంద్రుడిపై నల్లని మైదానాలూ బసాల్టే. అందుకే దేశవిదేశాల పరిశోధకులు లోణార్‌కు వస్తుంటారు. అటువంటి దక్కన్ బసాల్ట్ పొరలు తెలంగాణలోని వికారాబాద్ వైపు, ఆంధ్రప్రదేశ్‌లో రాజమహేంద్రవరం పరిసరాల్లో కూడా కనిపిస్తాయి.

ఉల్కల విషయంలో తెలుగు నేలకు చోటు ఉంది. 1870లో ఉత్తరాంధ్రలో పడిన ఇనుప ఉల్క అంతర్జాతీయ పట్టికలో 'నెడగొల్ల' పేరుతో నమోదైంది. కళ్లెదుట పడిన ఉల్కల్లో ఇనుపవి అరుదు. పొలంలో అటువంటి అనుమానాస్పద రాయి దొరికితే పగలగొట్టకుండా, నీటితో కడగకుండా తహసీల్దారు ద్వారా భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు తెలపాలి. ఆ సంస్థ దక్షిణ ప్రాంత కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది.

ఇప్పుడే ఎందుకంటే..

చంద్రుడి నుంచి మట్టి తెచ్చే చంద్రయాన్-4కు, శుక్రుడి యాత్రకు కేంద్ర మంత్రివర్గం 2024 సెప్టెంబరులో అనుమతి ఇచ్చింది. మట్టి దేశానికి వస్తే దానిని పరీక్షించే చేతులు కావాలి. డిగ్రీకి మూడు, నాలుగేళ్లు, పీజీకి రెండేళ్లు, పీహెచ్‌డీకి అయిదేళ్లు అనుకుంటే నేటి ఇంటర్ విద్యార్థి పరిశోధకుడయ్యే సరికి పదేళ్లు గడుస్తాయి. ఆ లెక్కన ఆలస్యం చేసే వీలు లేదు.

విదేశాలకు వెళ్లదలచినవారికి జర్మనీలోని గోటింగెన్‌లో మాక్స్ ప్లాంక్ సౌర కుటుంబ పరిశోధన సంస్థ, అరిజోనా విశ్వవిద్యాలయంలో చంద్ర, గ్రహ ప్రయోగశాల పేరున్నవి. పరిశోధక విద్యార్థికి జీతమో, భృతో ఇచ్చే పద్ధతి అక్కడ ఉంది. అప్పు చేసి వెళ్లే ఎంఎస్ చదువులతో వీటిని కలపరాదు. ఇక నాసా పేరు చెప్పి, ముందుగా రుసుము కట్టించుకుని, ధ్రువపత్రం చేతిలో పెట్టే శిబిరాలకు పరిశోధన ప్రవేశాల్లో విలువ లేదు.

చిన్న తరగతుల వారికి ఇస్రో 2019లో మొదలుపెట్టిన యువికా కార్యక్రమం ఉంది. తొమ్మిదో తరగతి విద్యార్థుల కోసం ఉద్దేశించిన దీని ఎంపికలో గ్రామీణ పాఠశాలల వారికి అదనపు మార్కులు కలుస్తాయి. డిగ్రీ, పీజీ విద్యార్థులతో పాటు అధ్యాపకులు కూడా మూడు జాతీయ సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయవచ్చు. ఎంపికైనవారు వేసవిలో రెండు నెలలు పేరున్న శాస్త్రవేత్త వద్ద పనిచేస్తారు. ఇది వేసవి కార్యక్రమమే అయినా దరఖాస్తులు అంతకుముందు శీతకాలంలోనే స్వీకరిస్తారు. జామ్ దరఖాస్తులకు సాధారణంగా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో గడువు ఉంటుంది. దసరా సెలవుల్లో ఊరికి వచ్చే విద్యార్థులు ఈ రెండింటినీ చూసుకోవడం మంచిది.