కాలయాన కథనాల్లో పెద్ద వయసు సహయాత్రికుడు: ‘ఆదిత్య 369’ కానిస్టేబుల్ పాత్ర - పరిశీలన

వ్యాససంగ్రహం: కాలయాన కథల విమర్శ సాధారణంగా నాయకుని చుట్టూ, యంత్రం చుట్టూ సాగుతుంది. నాయకునితో పాటు ప్రయాణించే పెద్ద వయసు పాత్రను హాస్యపాత్రగా లెక్కించి వదిలివేయడం కనిపిస్తుంది. ‘ఆదిత్య 369’ (1991)లోని కానిస్టేబుల్ పాత్రను పురాణకథ, జానపద ప్రదర్శన, బ్రిటిష్ టెలివిజన్ ధారావాహిక ‘డాక్టర్ హూ’ల నేపథ్యంలో పరిశీలించి, ఆ పాత్రకు ఉన్న చారిత్రక స్థానాన్ని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: కాలయానం, సహయాత్రికుడు, ఆదిత్య 369, సుత్తివేలు, కకుద్మి, కేతిగాడు.

1. ఉపోద్ఘాతం

హెచ్.జి. వెల్స్ 1895లో ప్రచురించిన ‘ది టైమ్ మెషీన్’ నవలలో కాలయాత్రికుడు ఒంటరిగా ప్రయాణిస్తాడు. సహయాత్రికుడు అనే పాత్రకు స్థిరమైన రూపం కల్పించినది టెలివిజన్. 1963 నవంబరు 23న బి.బి.సి.లో మొదలైన ‘డాక్టర్ హూ’ ధారావాహికలో డాక్టరు వెంట మనవరాలు సుసాన్, ఇద్దరు ఉపాధ్యాయులు ప్రయాణించారు. అప్పట్లో పెద్దవాడు డాక్టరే. ఆ పాత్రధారి విలియం హార్ట్‌నెల్ వయస్సు 55 ఏళ్లు. తర్వాతి దశాబ్దాలలో డాక్టరు పాత్రధారులు చాలావరకు అంతకంటే తక్కువ వయస్సు వారే. సహయాత్రికులు ఎక్కువగా యువతీయువకులే అయ్యారు. పెద్ద వయసు సహయాత్రికుడు అరుదైన పాత్రగా మిగిలాడు.

2. పౌరాణిక పూర్వరంగం: కకుద్మి

తెలుగు పాఠకునికి కాలయానం పరాయి భావన కాదు. భాగవతం నవమస్కంధంలో కకుద్మి మహారాజు తన కుమార్తె రేవతికి తగిన వరుని గురించి అడగడానికి బ్రహ్మలోకానికి వెళ్తాడు. అక్కడ గంధర్వగానం ముగిసే వరకు క్షణకాలం వేచి ఉంటాడు. ఆ క్షణంలో భూమిపై 27 చతుర్యుగాలు గడిచిపోతాయి. అతడు మనసులో ఎంచుకున్న వరులు, వారి వంశాలు, వారి పేర్లు కూడా మిగలవు. బ్రహ్మ ఆదేశం మేరకు రేవతిని బలరామునికిచ్చి, తాను తపస్సుకు బదరికాశ్రమానికి వెళ్లిపోతాడు.

ఈ కథలో రెండు అంశాలు గమనించదగినవి. మొదటిది, తండ్రీకూతుళ్లు కలిసి చేసిన ప్రయాణమిది. రెండవది, ఆ ప్రయాణఫలం ఇద్దరికీ ఒకటి కాదు. కూతురికి కొత్త యుగంలో జీవితం దొరికింది. తండ్రికి తన యుగమే పోయింది. కాలయానానికి మూల్యం చెల్లించేది పెద్దవాడే అన్న సూత్రం ఇక్కడ స్పష్టంగా ఉంది.

3. ‘ఆదిత్య 369’: ఇద్దరైన పెద్దవాడు

సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో, శివలెంక కృష్ణప్రసాద్ నిర్మాణంలో, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం సమర్పణలో ‘ఆదిత్య 369’ 1991 జులై 18న విడుదలైంది. మాటలు జంధ్యాల రాశారు. శ్రీకృష్ణదేవరాయల కాలపు వజ్రం చుట్టూ అల్లిన ఈ కథలో కృష్ణకుమార్ (బాలకృష్ణ), హేమ (మోహిని) 1526 నాటి విజయనగరానికి చేరుకుంటారు. భవిష్యత్తులో 2504వ సంవత్సరాన్ని కూడా చిత్రం చూపుతుంది.

ఈ చిత్రం పెద్దవాడి పాత్రను రెండుగా విడదీసింది. యంత్రాన్ని సృష్టించిన ప్రొఫెసర్ రామదాసు (టినూ ఆనంద్) జ్ఞానానికి ప్రతినిధి. విజయనగరానికి నాయికానాయకులతో పాటు వెళ్లిన కానిస్టేబుల్ (సుత్తివేలు) అనుభవానికి ప్రతినిధి. యంత్రం గురించి తెలిసినవాడు వెళ్లలేదు. వెళ్లినవాడికి యంత్రం గురించి తెలియదు. 2022లో వచ్చిన ‘ఒకే ఒక జీవితం’లోనూ శాస్త్రవేత్త (నాజర్) పెద్దవాడు, ప్రయాణికులు యువకులు. అంటే తెలుగు తెర యంత్రనిర్మాత స్థానాన్ని పెద్దవాడికి ఇచ్చినంత సులభంగా ప్రయాణికుని స్థానాన్ని ఇవ్వలేదు. కానిస్టేబుల్ పాత్ర విశిష్టత ఇక్కడే ఉంది.

సుత్తివేలు (1947-2012)కు అప్పటికి దాదాపు 44 ఏళ్లు. వృద్ధుడు కాకపోయినా ప్రయాణికుల్లో పెద్దవాడు. 1982లో జంధ్యాల తీసిన ‘నాలుగు స్తంభాలాట’ ఆయన పేరుకు ముందు ‘సుత్తి’ని చేర్చింది. 1985లో ‘ప్రతిఘటన’లో మతి చెదిరిన మాజీ పోలీసుగా ఆయన ప్రేక్షకులను కలచివేశారు. ఆరేళ్ల తర్వాత అదే ఖాకీ దుస్తులు హాస్యానికి వస్తువయ్యాయి. అయితే ఆ హాస్యానికి మూలం లోతైనది. కానిస్టేబుల్ అధికారమంతా అతని దుస్తుల్లో ఉంది. ఆ దుస్తులకు విలువ కట్టే ప్రభుత్వం 1526లో లేదు. ప్రేమ, సాహసం ఏ కాలంలోనైనా చెల్లుతాయి కనుక నాయకుడు రాయల కాలంలోనూ నాయకుడే. ఉద్యోగం మాత్రం తన కాలం దాటితే చెల్లదు. సగం జీవితాన్ని ఉద్యోగంలో గడిపిన మనిషి ఉనికి కాలానికి ఎంతగా కట్టుబడి ఉంటుందో ఈ పాత్ర చూపుతుంది.

4. జానపద ప్రదర్శనలో మూలాలు

ఈ పాత్రకు దేశీయ పూర్వరూపం తోలుబొమ్మలాటలోని కేతిగాడు. రామాయణ, భారత కథల నడుమ కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు ప్రవేశించి ప్రేక్షకుల నాటి మాటలు మాట్లాడతారు. పుంగనూరు, కుప్పం ప్రాంతాలతో కూడిన చిత్తూరు సీమలో ద్రౌపదీ ధర్మరాజుల ఆలయాల వద్ద 18 రోజుల పాటు సాగే భారత ఉత్సవాల్లోనూ పగలు హరికథ, రాత్రి వీధినాటకం నడుస్తాయి. ఆ నాటకాల్లో హాస్యగాడు ద్వాపరయుగంలో నిలబడి నేటి ఊరి సంగతులు ప్రస్తావిస్తాడు. పురాణకాలానికీ వర్తమానానికీ మధ్య రాకపోకలు సాగించేది అతడే. యంత్రం అవసరం లేని కాలయాత్రికుడతడు. విజయనగరంలో కానిస్టేబుల్ నిర్వహించిన పని ఇదే.

5. విల్ఫ్రెడ్ మాట్‌తో పోలిక

‘డాక్టర్ హూ’లో బెర్నార్డ్ క్రిబ్బిన్స్ (1928-2022) ధరించిన విల్ఫ్రెడ్ మాట్ పాత్ర 2007 క్రిస్మస్ ప్రసారంలో పత్రికలు అమ్ముకునే వ్యక్తిగా, హాస్యస్ఫోరకంగా ప్రవేశించింది. తర్వాత అతడు డోనా అనే సహయాత్రికురాలి తాతయ్య అయ్యాడు. 2009 డిసెంబరు 25న, 2010 జనవరి 1న ప్రసారమైన ‘ది ఎండ్ ఆఫ్ టైమ్’లో తానే సహయాత్రికుడయ్యాడు. అందులో ఒక ఉద్యోగిని విడిపించడానికి గాజుగదిలోకి వెళ్లి చిక్కుకుంటాడు. తాను ముసలివాడినని, తనను వదిలి వెళ్లమని డాక్టరును వేడుకుంటాడు. డాక్టరు అందుకు అంగీకరించక, రేడియేషన్‌ను తాను భరించి తన రూపాన్ని కోల్పోతాడు.

ఈ రెండు పాత్రలూ హాస్యంతోనే మొదలయ్యాయి. విల్ఫ్రెడ్‌కు మాత్రం హాస్యం దాటి దుఃఖించే అవకాశం దక్కింది. అతని ప్రాణం విలువ ఎంత అన్న ప్రశ్న కథకు కేంద్రమైంది. కానిస్టేబుల్ విషయంలో ఆ ప్రశ్న తలెత్తలేదు. తన కాలం నుంచి విడిపోయిన మనిషి ఏం పోగొట్టుకున్నాడో చెప్పే అవకాశం కథ అతనికి ఇవ్వలేదు. ఈ తేడాను నటుని సామర్థ్యానికి ఆపాదించలేం. ‘ప్రతిఘటన’ అందుకు సాక్ష్యం. హాస్యపాత్రకు తెలుగు వాణిజ్య చిత్రం గీసిన హద్దే దీనికి కారణం.

6. ముగింపు

కకుద్మి కథలో పెద్దవాడి నష్టం కథకు కేంద్రం. ‘ఆదిత్య 369’లో అది నవ్వు వెనుక ఉండిపోయింది. పురాణం గుర్తించిన దుఃఖాన్ని విజ్ఞానకల్పన మరచిందని దీని అర్థం కాదు. ఆ పాత్రను యంత్రంలోకి ఎక్కించడమే ఒక ముందడుగు. అతనికి చోటు దొరికింది కానీ గొంతు దొరకలేదు. కాబట్టి తెలుగు విజ్ఞానకల్పన చరిత్రను రచించే పరిశోధకులు హాస్యపాత్రలను అనుబంధంగా కాక, కాలభావనను మోసే పాత్రలుగా చదవవలసి ఉంది. కాలం మారినప్పుడు ఎవరికి ఏమి చెల్లదో మొదట తెలిసేది వారికే.